దేహపు తూకము - ఆరోగ్యము

(సుల్తాన్ బజారునందు జరిగిన మన సంఘ వార్షిక మహాసభలో చేసిన ఉపన్యాసము)

   

ఈ మహాసభయందు విద్యానిధిని గుఱించియు, విద్యార్థి వసతిగృహమును గుఱించియు, వర్తకపు కష్టసుఖములను గుఱించియు పెద్దలు విపులముగా ప్రసంగించిరి. మాకు నియమింపబడిన విషయము ఆరోగ్యము. అది సముద్రమువంటిది గావున దానిలో నొక్క ప్రశ్నను మాత్రమే గైకొని సభవారి యెదుట నుంచుచున్నాము. మనుష్యుని బరువును జూచి వాని ఆరోగ్యమును నిర్ణయింపవచ్చునా? ఇది చిన్న ప్రశ్నగా గన్పట్టును. కాని మన యిండ్లలో పెండ్లిచూపులు మొదలు వైద్యుని దర్శనము వఱకు ఎన్నో నిర్ణయములు దీనిపై నాధారపడి యున్నవి గనుక ఓపికతో నాలకింప బ్రార్థన.

మనము సమావేశమైన యీ పేటకు ఇట్టి చర్చ క్రొత్త గాదు. పూర్వము రెసిడెన్సీ బజారని పిలువబడి, 1933లో నిజాము ప్రభుత్వమునకు మరల అప్పగింపబడిన పిమ్మట సుల్తాన్ బజారను పేరు వహించిన యీ ప్రాంతముననే, 1901వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన ప్రారంభమైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము నేటికిని వెలయుచున్నది. ఆ భాషానిలయ స్థాపకులలో నొకరగు కొమర్రాజు లక్ష్మణరావు పంతులుగారు 1906లో హైదరాబాదున విజ్ఞానచంద్రికా మండలిని నెలకొల్పి, శాస్త్రవిషయములను తెలుగువారికి తెలుగుననే అందింపవలెనని పాటుపడిరి. ఆ మహనీయులు త్రొక్కిన బాటయందే మేమును నాలుగడుగులు వేయ దలచినాము.

ఈ సభలోనివారు అనేకులు తరతరములుగా తక్కెడ పట్టినవారు. మణుగు, వీసె, శేరు, తులములనాటి నుండి, 1956లో చట్టమై వచ్చిన మెట్రిక్కు తూనికల వఱకు తూకము మన కులవిద్య. కావున తూకము చెప్పునదేదో, చెప్పలేనిదేదో మనకు దెలిసినంతగా ఇతరులకు దెలియదు. చింతపండు బస్తాను తూచినచో ఇన్ని కిలోలని తేలును. అందు గింజ యెంత, పీచెంత, తడి యెంత యన్నది తక్కెడ చెప్పదు, చేయిపెట్టి చూడవలెను. ధాన్యమును తూచినచో తాలెంతయో తేలదు, చెఱగవలెను. బంగారమును తూచి వెలగట్టు వర్తకు డెవ్వడును లేడు. ముందు ఒరగల్లుపై గీచి వన్నె తెలిసికొని, ఆ తరువాతనే తులముల లెక్క చూచును. ఇంత జాగ్రత్త గల మనము మన దేహముల విషయమున మాత్రము ముల్లు ఎచట నిలిచినదో చూచి, "బాగున్నాము" అనియో "చెడిపోతిమి" అనియో తీర్మానించుకొనుచున్నాము.

బరువునకు ఈ పెద్దఱికము ఎట్లు వచ్చెనో మొదట విచారింతము. 1830-40 సంవత్సరముల నడుమ బెల్జియం దేశస్థుడగు కెటిలే యను గణితజ్ఞుడు జనసమూహమున సగటు మనుష్యు డెట్లుండునో తెలిసికొనగోరి, మనుష్యుల బరువు వారి యెత్తుయొక్క వర్గమును బట్టి పెరుగునని కనుగొనెను. ఆయన వైద్యుడు గాడు. ఒక్కొక్కని రోగము నిర్ణయించుట ఆయన యుద్దేశము గాదు. ఆ తరువాత అమెరికాలోని జీవితబీమా సంస్థలు తమ వ్యాపారమునకై యెత్తు బరువుల పట్టికలు సిద్ధపఱచినవి. మెట్రోపాలిటన్ బీమా సంస్థ 1942-43లలో ప్రకటించిన పట్టికలు మిక్కిలి ప్రసిద్ధి గాంచినవి. లక్షలకొలది జనులలో సగటున నష్ట మెంతయో లెక్కించుటకు బీమా వర్తకునకు అవి చాలును. 1972లో ఏన్సెల్ కీస్ అను శాస్త్రజ్ఞుడు కెటిలే లెక్కకు బాడీ మాస్ ఇండెక్స్, అనగా బి.ఎం.ఐ., యని నామకరణము చేసెను. కిలోల బరువును మీటర్లలోని యెత్తుయొక్క వర్గముచే భాగించిన వచ్చునదే యీ సంఖ్య. 160 సెంటీమీటర్ల యెత్తుగల వ్యక్తి 56 కిలోలు తూగినచో ఆ సంఖ్య దాదాపు 22 అగును. ఇట్లు సమూహమునకై పుట్టిన కొలబద్ద క్రమముగా ఒక్కొక్క మనుష్యునకు తీర్పు చెప్పు న్యాయాధిపతి యయ్యెను.

పూర్వకాలమున ఈ తీర్పు కొంతవఱకు సరిపోయెడిది. అది ఆకలికాలము. నేడు మన నగరమున తార్నాకలో నున్న జాతీయ పోషకాహార సంస్థ 1918లో నీలగిరులయందలి కూనూరులో మెక్కారిసన్ అను వైద్యుని చేతిమీదుగా, బెరిబెరి వ్యాధిని విచారించు చిన్న శాఖగా బుట్టి, 1958లో హైదరాబాదునకు తరలి వచ్చినది. ఆ మెక్కారిసన్ మన దేశపు వేఱువేఱు ప్రాంతముల యాహారములను ఎలుకల గుంపులకు పెట్టి, వాని పెరుగుదలను తూచి చూచెను. గోధుమ రొట్టె, పాలు, పప్పు, కూరలు గల ఉత్తరదేశపు టాహారము తిన్న గుంపు పైకి వచ్చెను. తెల్లబియ్యమే ప్రధానమైన దక్షిణదేశపు టాహారము తిన్న గుంపు అడుగున నిలిచెను. తిండి చాలని చోట బరువు నిజము పలుకును. తిండి సమృద్ధిగా దొరకి, శరీరశ్రమ తగ్గిన తరువాతనే దాని మాటలో తడబాటు గన్పట్టినది.

ఆ తడబాటును జూపు దృష్టాంతములు కొన్ని విన్నవించెదము.

మొదటిది 1942 నాటిది. అమెరికా నౌకాదళ వైద్యుడగు బెంకె, బంతియాటను వృత్తిగా గొన్న క్రీడాకారులను పరీక్షించెను. పట్టికల ప్రకారము వారిలో పెక్కుండ్రు బరువు మితిమీరినవారు; సైన్యమునకు పనికిరానివారు. ఆయన వారిని నీటిలో ముంచి తూచెను. కిరీటములో కల్తీ యున్నదో లేదో తేల్చుటకు ఆర్కిమిడీసు పట్టిన యుక్తియే యిది. కొవ్వు నీటికంటె తేలిక; కండ నీటికంటె బరువు. తూచి చూడగా ఆ క్రీడాకారులలో పెక్కుండ్ర అధికబరువు కొవ్వు గాదు, కండ యని తేలెను. తక్కెడ వారిని దోషులని చెప్పగా నీరు నిర్దోషులని చెప్పినది.

రెండవది మనకు మఱింత ముఖ్యము. పూనా నగరమున మధుమేహ పరిశోధనలో ప్రసిద్ధికెక్కిన యాజ్ఞిక్ వైద్యులును, లండనులోని యుడ్కిన్ వైద్యులును 2004లో తమ యిద్దఱి ఛాయాచిత్రమును లాన్సెట్ అను వైద్యపత్రికలో ప్రకటించిరి. ఇద్దఱి బి.ఎం.ఐ.యు సరిగా 22.3. ఏ పట్టికను జూచినను ఇద్దఱును సమానులే. కాని దేహమున కొవ్వు పాలు కొలువగా ఆంగ్లేయునిలో నూటికి 9.1 వంతులు, మన భారతీయునిలో నూటికి 21.2 వంతులు! చూపునకు సన్నము, లోపల కొవ్వు. ఇదియే మన జాతి లక్షణమని యాజ్ఞిక్ గారు అనేక పరిశోధనలతో నిరూపించిరి. ఇది పుట్టుకతోనే యారంభమగును. పూనా ప్రాంతపు పల్లెలలో బుట్టిన శిశువుల సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లండులోని సౌతాంప్టనులో 3.5 కిలోలు. మన శిశువులు అంత చిన్నవారైనను, వారిలో కొఱవడినది ముఖ్యముగా కండయేగాని కొవ్వు గాదని కొలతలు తెల్పినవి.

ఈ కారణముననే పాశ్చాత్యులకు 25, 30 అని నిర్ణయించిన హద్దులు మనకు సరిపడవని 2004లో ప్రపంచారోగ్యసంస్థ నియమించిన నిపుణులు గుర్తించి, ఆసియావాసులు 23 దాటినప్పుడే జాగ్రత్తపడవలెనని సూచించిరి. 2009లో మన దేశపు వైద్యులు కూడి 23 మొదలు అధికబరువనియు, 25 మొదలు స్థూలకాయమనియు నిశ్చయించిరి. ఒకే సంఖ్యకు దేశమును బట్టి అర్థము మాఱునప్పుడు ఆ సంఖ్య స్వయముగా ఆరోగ్యము కాదని వేఱుగ జెప్ప నక్కఱలేదు.

మూడవ దృష్టాంతము మన నగరపు పొరుగుననే జరిగినది. జాతీయ పోషకాహార సంస్థవారు 1987 నుండి 1990 వఱకు హైదరాబాదు సమీపమున నున్న 29 గ్రామములలో నొక పరీక్ష నడిపిరి. కొన్ని గ్రామములలో గర్భిణీ స్త్రీలకును, ఆఱేండ్లలోపు బిడ్డలకును అదనపు పౌష్టికాహారము లభించెను; తక్కిన గ్రామములలో అప్పటికి లభింపలేదు. ఆ బిడ్డలు పదుమూడు మొదలు పదునెనిమిదేండ్ల ప్రాయమునకు వచ్చినప్పుడు మరల పరీక్షించి, 2008లో ఫలితములను ప్రకటించిరి. ఆహారము పొందిన గ్రామముల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడవుగా నుండిరి. దేహమునందు కొవ్వు కండల పాళ్లలో మాత్రము రెండు పక్షములకును చెప్పుకోదగిన భేదము లేదు. కాని ఆహారము పొందినవారియందు ఇన్సులిను చక్కగా పనిచేయుచుండెను; రక్తనాళములు మెత్తగా నుండెను. అనగా మున్ముందు మధుమేహము, గుండెజబ్బు వచ్చు నవకాశము వారికి తక్కువ. తల్లి కడుపులో నున్నప్పుడు దొరకిన పట్టెడన్నము పదునైదేండ్ల పిదప నాళముల మెత్తదనమున గనబడెనే గాని, దేహపు తీరును జూచినవాని కంటికి గనబడలేదు.

నాల్గవది ఈ సుల్తాన్ బజారులోని వస్త్రవర్తకులకును, కుట్టుపనివారికిని ప్రీతి గలిగించునది. లండను నగరపు రెండంతస్తుల బస్సులలో చోదకుడు దినమంతయు కూర్చుండును. టిక్కెట్లిచ్చు కండక్టరు దినమంతయు మెట్లెక్కి దిగుచుండును. చోదకులకే గుండెజబ్బు అధికమని మారిస్ అను వైద్యుడు 1953లో ప్రకటించెను. చోదకులు లావైనవారు గావున అట్లు జరిగినదని కొందఱు శంకించిరి. అప్పుడాయనయు, ఆయన సహచరులును ఉద్యోగార్థము వారికి కుట్టించిన దుస్తుల నడుము కొలతలు తెప్పించి చూచిరి. చోదకుల లాగుల నడుము పెద్దదియే. కాని సన్ననివారిని సన్ననివారితోను, లావువారిని లావువారితోను పోల్చినను, ఆకస్మిక గుండెపోటు మరణములు కండక్టర్లలోనే తక్కువ. గద్దెమీద ప్రొద్దుననుండి రాత్రివఱకు కూర్చుండు మన దుకాణదారులు, వారు సన్ననివారైనను సరియే, ఈ మాటను చక్కగా మనస్సున నిలుపుకొన వలెను.

ఇట్లు చెప్పినంతమాత్రమున తక్కెడను మూల బడవేయుడని మేము చెప్పుటలేదు. బరువు నిజము పలుకు సందర్భములు గలవు. వానిని దెలిసికొనుట అవసరము. పసిబిడ్డ విషయమున నెలనెల తూకమే మొదటి సాక్షి. ఈ పేటలోనే ప్రభుత్వ ప్రసూతి వైద్యశాల గలదు. అచ్చట పుట్టిన బిడ్డను వెంటనే తూచుట వట్టి యాచారము గాదు. 2.5 కిలోలకు లోబడిన శిశువునకు ప్రత్యేక సంరక్షణ కావలయును. గర్భిణి బరువు పెరుగుట గమనింపవలయును. క్షయరోగి విషయమున తూకము మిక్కిలి విలువగలది. జార్ఖండులో జరిగి 2023లో ప్రకటింపబడిన పరిశోధనలో, చికిత్స యారంభించిన రెండు నెలలలో నూటికి 5 వంతుల బరువు పుంజుకొన్న క్షయరోగులలో మరణభయము అఱువది వంతులు తగ్గినట్లు తేలినది. పెద్దవానికి ప్రయత్నము లేకయే ఆఱునెలలలో నూటికి 5 వంతులు బరువు తగ్గెనేని అది సంతోషింపదగినది గాదు. మధుమేహమో, క్షయయో, పుట్టకుఱుపో, మఱియొకటియో లోపల నున్నదేమో వైద్యునిచే చూపించుకొన వలెను. గుండె బలహీనపడినవానికి రెండు మూడు దినములలో రెండు కిలోలు పెరిగినచో అది కొవ్వు గాదు, నీరు. ఇక మితిమీరిన లావు మోకాళ్లకును, నిద్రలోని శ్వాసకును, రక్తపుపోటునకును చేటు తెచ్చుననుట సత్యమే. అట్టివారు క్రమముగా తగ్గించుకొనుట మేలే.

ఈ సందర్భములన్నిటిలో నొక్క విషయము గమనింపుడు. బరువు ఇచ్చట పరులతో పోలిక గాదు. తన నిన్నటితో తన నేటిని పోల్చుట. చిట్టాలో ఒక్కదినపు నిలువను బట్టి వర్తకుని స్థితి తెలియదు. సంవత్సరపు రాకపోకలను జూచినచో తెలియును. దేహపు తూకమునకును అదే న్యాయము.

మన ప్రాచీన వైద్యులును ఇట్లే యెంచిరి. చరకాచార్యుడు అతిస్థూలుని, అతికృశుని ఇరువురను నిందితులలో జేర్చెను. ప్రశంసాపాత్రుడగు ఆరోగ్యవంతుని లక్షణములు చెప్పవలసి వచ్చినప్పుడు మాత్రము తూకమును పేర్కొనలేదు. మాంసము సమముగా నమరి యుండుట, ఇంద్రియములు దృఢముగా నుండుట, ఆకలిదప్పులను ఎండచలులను ఓర్చుట, శ్రమకు తట్టుకొనుట, తిన్నది చక్కగా జీర్ణమగుట - ఇవి యాయన చూచిన గుఱుతులు. 2025 జనవరిలో లాన్సెట్ పత్రికవారి పక్షమున దేశదేశముల నిపుణులు కూడి చేసిన నిర్ణయమును దాదాపు ఈ దారినే నడచినది. బి.ఎం.ఐ. నొక్కదానిని బట్టి స్థూలకాయ రోగమని తీర్పు చెప్పరాదు. నడుము కొలతనో, కొవ్వు పాలునో కూడ చూడవలెను. అటుపిమ్మట ఆ కొవ్వువలన అవయవముల పని చెడినదా, నిత్యకృత్యములకు ఆటంకము గలిగినదా యని విచారింపవలెనని వారు చెప్పిరి.

అట్లయిన మన ఒరగల్లేది? అది కష్టమైనది గాదు, వ్యయమైనదియు గాదు.

మొదటిది కొలత టేపు. చివరి ప్రక్కటెముకకును, నడుము ఎముకకును నడుమ, బొడ్డు దరిదాపున, ఊపిరి మామూలుగా విడిచి కొలువవలెను. మన దేశమున పురుషునకు 90 సెంటీమీటర్లు, స్త్రీకి 80 సెంటీమీటర్లు దాటరాదు. అంకెలు జ్ఞాపకముండనివారు తమ యెత్తులో సగమునకు మించకుండ నడుము నుంచుకొనిన జాలును. ఇందలి విశేషమేమనగా, 2023లో ప్రకటింపబడిన అఖిలభారత మధుమేహ పరిశోధనలో, బి.ఎం.ఐ.ని బట్టి స్థూలకాయులు నూటికి 28.6గురు కాగా, నడుమును బట్టి స్థూలోదరులు నూటికి 39.5గురు తేలిరి. రెండు సంఖ్యలకును గల భేదమును చూడుడు. నూటికి కనీసము పదిమంది తక్కెడ తమను నిర్దోషులుగా వదలివేయగా, టేపునకు మాత్రము దొరికిపోయినవారు. ఆ పరిశోధననే బట్టి దేశమున మధుమేహులు 10 కోట్లకు పైబడిరి.

రెండవది రక్తపుపోటు. 140కి 90 అను హద్దును పలుమాఱులు దాటినచో అది రోగము. మూడవది రక్తములోని చక్కెర. పరగడుపున 100కు లోపల నుండుట క్షేమము. 126 మొదలు మధుమేహము. ముప్పది యేండ్లు నిండిన ప్రతివారును, సన్ననివారైనను లావైనను, ఈ రెండును సంవత్సరమున కొకమారు చూపించుకొన వలెను. నాల్గవది హిమోగ్లోబిను. స్త్రీలకు 12 గ్రాములు, గర్భిణులకు 11, పురుషులకు 13 గ్రాములకు తగ్గరాదు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన దేశమున 15 మొదలు 49 యేండ్ల స్త్రీలలో నూటికి 57 మంది రక్తహీనలు. ఆ సర్వేయందే స్త్రీలలో నూటికి 24 మంది అధికబరువు గలవారు. ఈ రెండు వర్గములు వేఱువేఱని తలంపకుడు. బొద్దుగా నున్న గృహిణి రక్తహీనురాలై, రెండు మెట్లెక్కగానే ఆయాసపడుట మనము నిత్యము చూచుచున్నదే. ఆమె లావును జూచి "పుష్టిగా నున్నది" యనుకొందుము. ఆమె ఆయాసమును జూచి "లావువలన" ననుకొందుము. రక్తమును మాత్రము పరీక్షింపము.

ఐదవది పనిచేయు శక్తి. మూడంతస్తులు ఆగక ఎక్కగలమా? కూర్చున్న పీటనుండి చేతి ఊత లేక లేవగలమా? అరగంట వడిగా నడువగలమా? ఈ పరీక్షలకు యంత్రముతో పని లేదు.

ఇక మన కులాచారములను గుఱించి కొన్ని మాటలు. పెద్దలు మన్నింతురుగాక.

పూర్వము మనలో లావు సంపదకు గుఱుతు. బొజ్జ గలవానిని లక్ష్మీపుత్రుడని గౌరవించితిమి. ఇప్పుడు కాలము తిరిగినది. సన్నదనము నాగరకతకు గుఱుతైనది. రెండు కాలములలోను మనము చూచినది పైరూపమే. మన వివాహసంబంధముల పట్టికలలో గోత్రము, చదువు, ఎత్తులతో పాటు వధువు బరువు వ్రాయు నడి యున్నది. ఆ గడిలో నొక మంచి సంఖ్య వ్రాయవలెనని తల్లిదండ్రులు బిడ్డను మాడ్చుచున్నారు. పిల్ల పాలు మానుచున్నది, పప్పు మానుచున్నది, రాత్రి భోజనము మానుచున్నది. ఐదు కిలోలు తగ్గినదని సంతోషింతుము; కండ తగ్గినదో, ఎముక పలుచబడినదో, రక్తము తగ్గినదో అడుగువా డెవ్వడు? రేపు ఆమె తల్లి కానున్నది. హైదరాబాదు చెంగటి గ్రామముల వృత్తాంతము ఇంతకుముందే విన్నారు. తల్లి కడుపునకు జరిగిన మేలుగాని కీడుగాని బిడ్డ నాళములలో పదునైదేండ్ల తరువాత వెలువడునని తెలిసియు, వివాహమునకు ముందు ఆడుపిల్లను పస్తుపెట్టుట మనకు తగునా? వరుని బరువు అడుగువారే లేరు. వాని రక్తపుపోటు అంతకన్నను అడుగము.

వేఱొక ముచ్చట. లావైన బాలుని, బాలికను బంధువుల యెదుట నవ్వులపాలు చేయుట మన విందులలో వినోదముగా నున్నది. ఆ నవ్వు ఎవ్వరి నడుమును అంగుళమైనను తగ్గింపలేదు. ఆ పిల్లలు ఆటస్థలమునకు పోవుటకు సిగ్గుపడి యింటిలోనే కూర్చుందురు. రోగమునకు ద్వారము తెఱచినవార మగుదుము. మఱియొక వంక సన్నని పెద్దమనిషి "నాకేమి? పాతికేండ్లనుండి నా బరువు మాఱలేదు" అని నేతిమిఠాయిలను నిర్భయముగా సేవించును. ఆయన బరువు మాఱలేదనుట నిజమే కావచ్చును. కాని పాతికేండ్లలో కండ కరగి దాని స్థానమును కొవ్వు ఆక్రమించినది. బస్తా బరువు అంతయే. లోని సరుకు మాఱినది.

2025లో మన దేశపు విపణిలోనికి బరువు తగ్గించు క్రొత్త సూదిమందులును వచ్చినవి. స్థూలకాయముతో నిజముగా బాధపడువారికి వైద్యుని పర్యవేక్షణలో అవి యుపకారము చేయుచున్నవి, దానిని కాదనరాదు. కాని తగ్గు బరువులో కొంత కండయు పోవును గనుక, పెండ్లి ముహూర్తమునకు చీర కట్టు కుదురుటకై వానిని గైకొనుట వివేకము గాదు.

మన శాకాహారమున దోషము లేదు. మన వడ్డనలో నున్నది. విస్తరిలో అన్నము కొండవలెను, పప్పు గిన్నె అంచుననుండి చుక్కవలెను వడ్డింతుము. పప్పు, సెనగలు, పెసలు, పాలు, పెరుగు హెచ్చించి, అన్నము తగ్గించిన కండ నిలుచును. తోటకూర, మునగాకు, నువ్వులు నిత్యము వాడుచు, పైన నిమ్మకాయ పిండుకొనిన వానిలోని ఇనుము దేహమునకు పట్టును. భోజనమైన వెంటనే కాఫీయో టీయో త్రాగిన ఆ యినుము వృథా యగును. కేవల శాకాహారులకు బి-12 విటమిను కొఱవడవచ్చును గావున దానిని పరీక్షించుకొనుట మేలు. వ్రతములు, ఉపవాసములు చేయు నిల్లాండ్రు పారణనాడైనను పుష్టికరమగు భోజనము చేయునట్లు ఇంటివారు చూడవలెను. అందఱకును వడ్డించి మిగిలినది తినుట వ్రతము గాదు.

ఈ యుపన్యాసము విని మెచ్చుకొని పోయినచో ప్రయోజనము లేదు గావున, మహాసభవారి యాలోచనకై మూడు మనవులు చేయుచున్నాము. మొదటిది, మన సంబంధముల పట్టికలనుండి బరువు గడిని తీసివేయుట. దానికి మాఱుగా వధూవరు లిరువురును వైద్యపరీక్ష చేయించుకొనుటను ప్రోత్సహించుట. రెండవది, మన సంఘ పక్షమున జరుపు వైద్యశిబిరములలో తూకపుయంత్రము ప్రక్కనే కొలత టేపు, రక్తపుపోటు యంత్రము, చక్కెర హిమోగ్లోబిను పరీక్షలు తప్పక యుండునట్లు ఏర్పాటు చేయుట. ఒక సన్మానసభకు పూలదండలకై వెచ్చించు ధనముతో నొక శిబిరము నడుపవచ్చును. పోషకులు దీనిని చిత్తగింప గోరెదము. మూడవది, మన విద్యార్థి వసతిగృహములలో ఏటేట పిల్లల యెత్తు, బరువు, నడుము, హిమోగ్లోబిను వ్రాసి యుంచు పుస్తకము తెఱచి, అందలి సంఖ్యలను తల్లిదండ్రులకు మాత్రమే తెలుపుట. పిల్లవాని బరువు నలుగురిలో చదువదగిన ప్రకటన గాదు.

సోదరులారా! కల్తీ సరుకును తూకమునుబట్టి కొనువాడు వర్తకు డనిపించుకొనడు. మన దేహము, మన బిడ్డల దేహములు మన దుకాణములలోని సరుకుకంటె విలువ తక్కువవి గావు గదా! తక్కెడను వాడుదము, అది చెప్పినంతవఱకే విందము, అది చెప్పలేనిదానిని టేపుతోను, రక్తపరీక్షతోను, మన కాళ్ల సత్తువతోను అడిగి తెలిసికొందము.

 పరమేశ్వరుడు మన కుటుంబముల కన్నిటికిని ఆయురారోగ్యముల ననుగ్రహించుగాక!